తరగతి గదిలో పాలస్తీనా

పాలస్తీనా పేరు వినని ముస్లిం బాలుడు కర్నూలు, కడప ప్రాంతాల్లో బహుశా ఉండడు. మక్తబ్‌లో ఖాయిదా పట్టిన నాడే "బైతుల్ మఖ్దిస్" అన్న మాట అతని చెవిని పడుతుంది. అది ముస్లింల తొలి ఖిబ్లా అని, మేరాజ్ రాత్రి దైవప్రవక్త (స) ముందుగా అక్కడికే తీసుకుపోబడ్డారని నేర్చుకుంటాడు. కొంచెం పెద్దవాడైన తర్వాత హజ్రత్ ఉమర్ (ర) కాలంలో ఆ నగరం స్వాధీనమైన వృత్తాంతం, 1187లో సలాహుద్దీన్ అయ్యూబీ దానిని క్రూసేడర్ల చేతినుండి విడిపించిన వృత్తాంతం వింటాడు. అక్కడితో పాఠం ఆగిపోతుంది. ఆగి, ఒక్క గెంతులో నేటి దుఆ దగ్గర తేలుతుంది. నడుమనున్న ఎనిమిది శతాబ్దాలలో ఆ నేలమీద కాపురముండినవారెవరు, వారు ఏమి పండించుకుని తిన్నారు, పెళ్ళిళ్ళలో ఏమి పాడుకున్నారు, ఏ ఏట ఏ విధంగా వెళ్ళగొట్టబడ్డారు అన్న ప్రశ్నలకు అందులో చోటు లేదు.

సర్కారు బడి పరిస్థితి వేరు, ఫలితం మాత్రం అదే. అక్కడ సాంఘిక శాస్త్రంలో పాలస్తీనా ఎప్పుడైనా తగిలితే "పశ్చిమాసియా సమస్య" అన్న చిన్న శీర్షిక కింద తగులుతుంది. 1917 బాల్ఫోర్ ప్రకటన, 1947 ఐక్యరాజ్యసమితి విభజన తీర్మానం, 1948, 1967 యుద్ధాలు: నాలుగు తేదీలు, రెండు మార్కుల ప్రశ్న. ఎన్.సి.ఇ.ఆర్.టి. పదకొండో తరగతి చరిత్ర పుస్తకంలో మధ్య ఇస్లామీయ భూభాగాలను గురించి ఉండిన అధ్యాయం 2022లో తొలగించబడింది కాబట్టి, ఆ దారిన వెళ్ళి కొంత తెలుసుకొనే అవకాశం కూడా తగ్గింది. ఇక జల్సాలలోనూ, చేతి ఫోన్లలోనూ కనిపించే పాలస్తీనా శవాల పాలస్తీనా. మక్తబ్‌లో మనుషులు లేని పుణ్యక్షేత్రం, బడిలో మనుషులు లేని వివాదం, ఫోనులో చనిపోయాక మాత్రమే కనిపించే మనుషులు. బాలుడికి కోపం వస్తుంది, కన్నీళ్ళు వస్తాయి. పరిచయం మాత్రం కలగదు.

ఈ లోటు భక్తి తక్కువై వచ్చినది కాదు. భాష వల్ల వచ్చినది కొంత, అజాగ్రత్త వల్ల వచ్చినది కొంత. ముందు భాష సంగతి చూడాలి. ఖుర్ఆన్ మజీద్‌లో ప్రస్తావించబడే "బనీ ఇస్రాయీల్"కూ, 1948లో ఏర్పడిన ఇజ్రాయెల్ రాజ్యానికీ తేడా చెప్పకుండా పాఠం నడిచిపోతూ ఉంటుంది. ప్రాచీన ప్రవక్తల అనుయాయులను గురించిన ఆయతును చదివి, ఆ ఊపిరిలోనే నేటి మంత్రివర్గాన్ని గురించి మాట్లాడే ఉపాధ్యాయులున్నారు. హజ్రత్ మూసా (అ) వెంట నడిచిన జాతి వేరు, పందొమ్మిదో శతాబ్దం చివర యూరపులో పుట్టిన జియోనిజమనే రాజకీయ సిద్ధాంతం వేరు అని పిల్లవాడికి ఎవరూ విడమరచరు. తెలుగులో చిక్కు ఇంకా ఎక్కువ. పక్కింటి క్రైస్తవ బాలుడి బైబిలులో "ఇశ్రాయేలీయులు" ఉంటారు, "ఫిలిష్తీయులు" ఉంటారు. గొల్యాతు ఫిలిష్తీయుడు, అతడే ఖుర్ఆన్‌లోని జాలూత్. పేర్ల పోలికను బట్టి, దావూద్ (అ) చేతిలో ఓడినవారి సంతతే నేటి ఫలస్తీనీలని క్రైస్తవ బాలుడు అనుకుంటే, ముస్లిం బాలుడి దగ్గర జవాబు ఉండదు. ఆ తీర ప్రాంతానికి పేరు ఆ ప్రాచీన జాతినుండి వచ్చిన మాట నిజమే. నేటి ప్రజలు అరబ్బీ మాట్లాడే ముస్లింలు, క్రైస్తవులు అన్నదీ నిజమే. పేరు నిలిచినంత మాత్రాన జాతి అదే కానక్కరలేదని చెప్పడానికి పది నిమిషాలు చాలు.

వెళ్ళగొట్టబడినవారిని ఏమని పిలవాలన్నది మరొక చిక్కు. ఉర్దూ ఉపాధ్యాయుడు "ముహాజిరీన్" అంటాడు. ఆ మాటకున్న పవిత్రత వల్ల, వారు ధర్మం కోసం ఇల్లు విడిచి బయలుదేరినట్లు వినిపిస్తుంది. తెలుగు పత్రికలు "శరణార్థులు" అంటాయి. అది వచ్చి చేరిన చోటును చూపుతుందే గాని పోగొట్టుకున్న చోటును చూపదు. పాత పుస్తకాల్లో "కాందిశీకులు" అని ఉంటుంది. ఏ దిక్కుకు పోదునా అని భయంతో పరుగెత్తేవాడు కాందిశీకుడు; తరిమినవాడు ఆ మాటలో కనిపించడు. శ్రీశైలం జలాశయం నిండిన తర్వాత కర్నూలు జిల్లా వాడుకలో స్థిరపడిన మాట ఒకటుంది: నిర్వాసితులు. ఉన్న చోటునుండి తీసివేయబడినవారు. చట్టానికి సంబంధించిన సందర్భంలో శరణార్థి అన్న మాట ఉంచుకున్నా, చరిత్ర పాఠంలో ఈ మాటే సరిపోతుంది. కాన్‌స్టంటీన్ జురైక్ అనే సిరియా పండితుడు 1948లోనే వాడిన "నక్బా"ను "విపత్తు" అని తెలిగించినప్పుడు కూడా ఒక వాక్యం అదనంగా చెప్పక తప్పదు. సీమ పిల్లవాడికి విపత్తు అంటే కరువు, పంట ఎండిపోవడం, ఆకాశం చేసిన పని. 1948లో జరిగింది ఆకాశం చేసిన పని కాదు.

అజాగ్రత్త సంగతి ఇంతకంటే బాధాకరం. బంగారు గోపురమున్న చిత్రపటాన్ని గోడకు తగిలించి "మస్జిదె అఖ్సా" అని కింద రాస్తారు. ఆ గోపురం ఖుబ్బతుస్సఖ్రా. ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మలిక్ 691-92లో కట్టించినది. సీసపు రంగు గోపురమున్న జామి మస్జిద్ దానికి దక్షిణాన ఉన్నది. మొత్తం ఆవరణాన్నే అల్ అఖ్సా అనడం కద్దు. అయినా రెండు కట్టడాలు ఉన్నాయనైనా పిల్లలకు తెలియాలి. 1969 ఆగస్టు 21న మస్జిద్‌కు నిప్పు పెట్టి, నూరుద్దీన్ జంగీ చేయించిన మింబర్ బూడిద కావడానికి కారకుడు యూదుడని ఉపన్యాసాలలో వినిపిస్తూ ఉంటుంది. అతడు డెనిస్ మైకేల్ రోహన్ అనే ఆస్ట్రేలియా దేశపు క్రైస్తవుడు. ఆక్రమణలో ఉన్న నగరంలో రక్షణ బాధ్యత ఎవరిదన్న ప్రశ్న తప్పక అడగవచ్చు. కాని నిప్పు పెట్టినవాడి పేరు మార్చే అధికారం ఎవరికీ లేదు.

దైర్ యాసీన్ గ్రామంలో 1948 ఏప్రిల్ 9న జరిగిన హత్యాకాండ విషయంలో మృతులు 254 మంది అన్న సంఖ్య దశాబ్దాల పాటు ప్రపంచమంతా తిరిగింది. 1987లో పాలస్తీనాలోని బీర్‌జీత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బతికి బయటపడినవారిని విచారించి, పేరుపేరునా లెక్కవేసి, 107 మంది అని తేల్చారు. తమ దుఃఖానికి సంబంధించిన అంకెను తామే తగ్గించుకున్నారు. ఈ ఒక్క సంగతి చెప్పిన పాఠం, పది ఆవేశపూరిత ఉపన్యాసాలకంటే పిల్లలకు పాలస్తీనా ప్రజల పట్ల ఎక్కువ గౌరవం కలిగిస్తుంది. ఇదేమీ హదీసు శాస్త్రం చదువుకున్నవారికి కొత్త కాదు. రావీలను పరీక్షించకుండా రివాయతును స్వీకరించరాదని వారికి ఎవరూ చెప్పనవసరం లేదు. ఆ నియమం సీరత్‌కు వర్తించి పాలస్తీనాకు వర్తించకపోవడం వింతగా ఉంది.

యూదుల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. హిట్లర్ పాలనలో యూరపులో దాదాపు 60 లక్షల మంది యూదులు చంపబడ్డారన్న సంగతిని దాచి పాలస్తీనాను బోధించే ఉపాధ్యాయుడు, ఆ నావలు జాఫా, హైఫా రేవులకు ఎందుకు వచ్చాయో చెప్పలేడు. అంతకుముందు 1492లో స్పెయిన్‌నుండి వెళ్ళగొట్టబడిన యూదులకు ఉస్మానీ సామ్రాజ్యం ఆశ్రయమిచ్చిన సంగతి కూడా ఆ పాఠంలోనిదే. యూరపు చేసిన పాపానికి పరిహారం పాలస్తీనా రైతు ఎందుకు చెల్లించాలన్న ప్రశ్న, ఆ పాపం పూర్తిగా చెప్పినప్పుడే బలంగా నిలుస్తుంది. యూదుడంటే ఏదో దూరదేశపు శత్రువని ఊహించుకొనే తెలుగు పిల్లలకు, గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను యూదులుగా చెప్పుకొనే బెనె ఎఫ్రాయిం తెలుగు కుటుంబాలున్నాయని, వారు తెలుగే మాట్లాడుకుంటారని చెప్పడం మంచిది. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారని, 250 మంది దాకా బందీలుగా పట్టుకుపోబడ్డారని చెప్పాలి. ఆ తర్వాతి యుద్ధంలో గాజా ఆరోగ్య శాఖ లెక్క 2025 మధ్యనాటికే 60,000 దాటిందని, గాజాలోని విశ్వవిద్యాలయాలన్నీ దెబ్బతినడమో కూలిపోవడమో జరిగిందని కూడా చెప్పాలి. ఒకటి చెప్పి రెండవది దాచిన ఉపాధ్యాయుడిని, ఆ దాచినది ఫోనులో కనిపించిన మరుక్షణం పిల్లవాడు నమ్మడం మానుకుంటాడు.

మనుషులను పాఠంలోకి తేవడం ఎట్లా? ఇందుకు కర్నూలు, కడప పిల్లల చేతిలో ఉన్న సామగ్రి మరే ప్రాంతపు పిల్లల చేతిలోనూ లేదనడం అతిశయోక్తి కాదు. పాలస్తీనా అనగానే వారి ఊహలో ఇసుక, ఒంటెలు కదులుతాయి. జెరూసలేంలో ఏటా కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఇంచుమించు అనంతపురం వాన. అక్కడ అది చలికాలంలో కురుస్తుంది. కొండ వాలును రాతి కట్టలతో మెట్లుమెట్లుగా నిలిపి, వాన నీటిని తొట్లలో పట్టుకొని, జైతూన్, అత్తి, ద్రాక్ష పండించుకున్న మెట్ట రైతులు వారు. రాయిని పేర్చి గట్టు కట్టడమంటే ఏమిటో బేతంచెర్ల, ఎర్రగుంట్ల పిల్లవాడికి బొమ్మ చూపనక్కరలేదు.

కడప పిల్లలకు మరొకటి తెలుసు. ఉగాదినాడు దేవుని కడప ఆలయానికి ముస్లిం కుటుంబాలు వెళ్ళడం, పెద్ద దర్గాకు హిందువులు రావడం వారు చూస్తూనే ఉంటారు. దీనిలోని మంచిచెడ్డలపై ఉలమాలకు తమ అభిప్రాయాలుండవచ్చు; ఇక్కడ విషయం అది కాదు. జెరూసలేంలో క్రైస్తవుల పరమ పవిత్రమైన సమాధి చర్చి తాళంచెవి జూదే అనే ముస్లిం కుటుంబం దగ్గర, తలుపు తెరిచే బాధ్యత నుసైబె అనే ముస్లిం కుటుంబం దగ్గర శతాబ్దాలుగా ఉన్నాయని చెప్పినప్పుడు కడప పిల్లవాడు ఆశ్చర్యపోడు. పాలస్తీనా అంటే ముస్లింలే కాదన్న మాట అతనికి సులువుగా ఎక్కుతుంది. 1909లో జెరూసలేంలో బెత్తమూ పరీక్షలూ లేని బడి స్థాపించిన ఖలీల్ సకాకీనీ క్రైస్తవుడు. 1948లో అతడు ఇల్లూ గ్రంథాలయమూ విడిచి పోవలసి వచ్చింది. అరబ్ కుటుంబాల ఇళ్ళనుండి ఆనాడు సేకరించిన పుస్తకాలతోపాటు అతని పుస్తకాలు ఇజ్రాయెల్ జాతీయ గ్రంథాలయానికి చేరాయి.

శ్రీశైలం పోలికను మాత్రం ఆచితూచి వాడాలి. 1981లో ఇళ్ళు పడగొట్టి జనాన్ని కదిలించినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు నీట మునిగాయి. నీళ్ళు తగ్గిన వేసవిలో సంగమేశ్వరాలయం బయటపడినప్పుడు జనం వెళ్ళి చూసి వస్తారు. తాత ఊరు నీళ్ళ కింద ఉన్న పిల్లవాడికి, 1948లో 7 లక్షలకు పైగా జనం ఊళ్ళు పోగొట్టుకున్నారని, వలీద్ ఖాలిదీ 1992లో వెలువరించిన గ్రంథం అటువంటి 418 గ్రామాలను ఒక్కొక్కటిగా వర్ణించిందని చెబితే అది అంకెగా మిగలదు. అయితే పాఠం అక్కడ ఆగితే అబద్ధమవుతుంది. శ్రీశైలం నిర్వాసితుడికి అన్యాయం జరిగింది, పరిహారం చాలలేదు, కాని అతడు ఈ దేశ పౌరుడుగానే ఉన్నాడు, ఓటు వేశాడు, కోర్టుకు వెళ్ళాడు, నీటి ఒడ్డున నిలబడి తన ఊరివైపు చూడగలిగాడు. పాలస్తీనా నిర్వాసితుడికి తిరిగి వచ్చే దారి మూసివేయబడింది. 1950లో వచ్చిన చట్టం అతనిని "గైరుహాజరు" యజమానిగా పేర్కొని భూమిని తీసుకుంది. తిరిగి రాదలచినవారిని రానివ్వాలన్న 1948 డిసెంబరు నాటి ఐక్యరాజ్యసమితి 194వ తీర్మానం అమలు కాలేదు. పోలిక ఎక్కడ తెగుతుందో చెప్పగలిగిన ఉపాధ్యాయుడే పోలిక తేవాలి.

భారతదేశపు సంబంధాన్ని చెప్పడం మన ఉపాధ్యాయులకు ఇష్టం. లండన్‌లో మరణించిన మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్ 1931 జనవరిలో జెరూసలేంలో ఖననం చేయబడడం, బాబా ఫరీద్ పేరిట అక్కడ హిందీ జావియా ఉండడం, 1947 నవంబరు 29న విభజన తీర్మానానికి వ్యతిరేకంగా పడిన 13 ఓట్లలో భారతదేశపు ఓటు ఉండడం, 1988లో పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించడం, 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు ఏర్పడడం — ఇవన్నీ చెప్పదగినవే. కాని ఇది మన గొప్ప చెప్పుకొనే పాఠంగా మారితే పాలస్తీనా ప్రజలు మళ్ళీ తెర వెనక్కి పోతారు.

ఇక కువైట్. పాత కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట ప్రాంతాలలో కువైట్‌కు మనిషి పోని వీధి అరుదు. ఏజెంటు, ఆజాద్ వీసా, అఖామా, కఫీల్ అన్న మాటలు అక్కడి పిల్లలకు ఎక్కాలకంటే ముందే వస్తాయి. ఆ కువైట్ నిర్మాణంలో పాలస్తీనా నిర్వాసితుల చెమట ఎంత ఉన్నదో మాత్రం వారికి ఎవరూ చెప్పరు. అక్కడి బడుల్లో ఉపాధ్యాయులుగా, కార్యాలయాల్లో గుమాస్తాలుగా, ఇంజనీర్లుగా పనిచేస్తూ 1990 నాటికి దాదాపు 4 లక్షల పాలస్తీనీలు అక్కడ ఉండినారు. ఆ ఏడు ఆగస్టులో ఇరాక్ దండెత్తినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులు ఖాళీ చేయించబడి, చాలావరకు అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇల్లు చేరారు. పాలస్తీనా విమోచన సంస్థ నాయకత్వం ఇరాక్ వైపు మొగ్గిన ఫలితంగా, యుద్ధం ముగిసిన తర్వాత పాలస్తీనీలలో అత్యధికులు కువైట్ విడిచిపోవలసి వచ్చింది. భారతీయుడికి చేరడానికి ఇల్లు ఉంది. వారిలో చాలామందికి అది రెండవసారి పోవడం.

ఈ కువైట్ దారి మీదనే గస్సాన్ కనఫానీ 1963లో ఒక చిన్న నవల రాశాడు: "రిజాలున్ ఫిష్షమ్స్", ఎండలో మనుషులు. కనఫానీ 1936లో అక్కాలో పుట్టి, పన్నెండో ఏట నిర్వాసితుడై, డమాస్కస్‌లో పెరిగి, కువైట్‌లో పంతులుగా పనిచేసినవాడు. 1972 జూలై 8న బైరూత్‌లో కారు బాంబుకు బలి అయినాడు. అతడు వామపక్షవాది, ఒక సాయుధ సంస్థకు ప్రతినిధి. ధార్మిక రచయిత కాడు కాబట్టి మదరసాలో అతనికేం పని అని కొందరు అడగవచ్చు. ఆ రాజకీయాలను దాచనక్కరలేదు, సమర్థించనూ అక్కరలేదు. ఇక్కడ కావలసింది సాక్ష్యం. ఈ నవలలో ఉన్నంత సాక్ష్యం వేరొకచోట దొరకడం కష్టం.

కథ ఇది. ముగ్గురు పాలస్తీనీలు కాగితాలు లేకుండా బస్రానుండి కువైట్ చేరాలని బయలుదేరుతారు. మర్వాన్ చదువు మానిన కుర్రవాడు. కువైట్‌లో ఉన్న అన్న పెళ్ళి చేసుకొని ఇంటికి డబ్బు పంపడం మానివేసినందువల్ల అతడు బయలుదేరాడు. రాయచోటి తరగతిలో ఈ వాక్యం చదివినప్పుడు తల వంచుకొనే పిల్లలుంటారు. అబూ ఖైస్ ముసలి రైతు. అతనికి పోయినవి పది జైతూన్ చెట్లు. అసద్ ఇదివరకే దారిలో మోసపోయినవాడు. ఏజెంటు అడిగినంత ఇచ్చుకోలేక, ఖాళీ నీళ్ళ ట్యాంకరు నడిపే అబుల్ ఖైజురాన్‌తో బేరం కుదుర్చుకుంటారు. సరిహద్దు చౌకీల దగ్గర కొన్ని నిమిషాలు ట్యాంకులో దాగి ఉండాలి. నెల ఆగస్టు. మొదటి చౌకీ గడుస్తుంది. రెండవ చౌకీలో గుమాస్తాలు డ్రైవరును పట్టుకొని పనికిమాలిన పరిహాసాలాడుతూ ఆలస్యం చేస్తారు. మూత తెరిచేసరికి ముగ్గురూ లేరు.

ఇందులో శత్రు సైనికుడు ఒక్కడూ కనిపించకపోవడం గమనించాలి. చంపింది ఎండ, కాగితం, డబ్బు, తోటి అరబ్బుల ఉపేక్ష. జల్సా ఉపన్యాసానికి ఈ నవల పనికిరాదు. తరగతికి పనికివచ్చేది అందుకే. కనఫానీ తన జాతిని కూడా వదలలేదు. ట్యాంకు గోడను వారెందుకు కొట్టలేదన్న డ్రైవరు ప్రశ్నతో పుస్తకం ముగుస్తుంది. 1972లో తౌఫీఖ్ సాలెహ్ ఈ కథను చలనచిత్రంగా తీసినప్పుడు వారు గోడ కొట్టినట్లు చూపాడు, వినేవారే లేరు. ఈ రెండు ముగింపులను పక్కపక్కన పెట్టి తొమ్మిదో తరగతి పిల్లలను మాట్లాడనిస్తే ఉపాధ్యాయుడు ఎక్కువ చెప్పనక్కరలేదు.

నవలలో ఒక తరగతి గది కూడా ఉంది. అబూ ఖైస్ ఊరికి ఉస్తాద్ సలీం అనే పంతులు వస్తాడు. జుమా నమాజు మీరే చేయిస్తారు కదా అని పెద్దలు అడిగితే, తనకు రాదని నిర్భయంగా చెబుతాడు. తుపాకి పేల్చడం మాత్రం వచ్చునంటాడు. ఊరు పడిపోకముందే అతడు మరణిస్తాడు. ఒకనాడు అతడు పిల్లలకు దజ్లా, ఫురాత్ నదులు కలిసి షత్తుల్ అరబ్ అవుతుందని పాఠం చెబుతుండగా అబూ ఖైస్ కిటికీ బయటినుండి వింటాడు. పదేళ్ళ తర్వాత ఆ షత్తు ఒడ్డునే పడుకొని, ఇక్కడిదాకా ఎందుకు రావలసి వచ్చిందా అని ఆ పాఠాన్ని తలచుకుంటాడు. హంద్రీ తుంగభద్రలో కలిసే ఊళ్ళో, తుంగభద్ర కృష్ణలో కలిసే జిల్లాలో చదివే పిల్లలకు ఈ పుటకు వ్యాఖ్యానం అవసరముండదు.

ఈ నవలను తరగతికి తేదలచినవారికి ఉర్దూ లిపి చదవలేని పిల్లలే ఎక్కువగా ఎదురవుతారు. వారికోసం చేసే తెలుగు, అరబ్బీ మూలాన్ని ఎదుట పెట్టుకొని చేసిన తెలుగు కావాలి. ఇంగ్లీషు మీదుగా వచ్చినప్పుడు అబూ ఖైస్ మాటలోని పల్లెటూరి యాస పోయి పట్నపు ఉద్యోగి మాటగా మారిపోతుంది. "ఖజ్జాన్" అన్న మాటను "జలాశయం" అని గాని "తొట్టి" అని గాని అనకూడదు. వేసవిలో కడప పల్లెలకు నీళ్ళు తెచ్చేది ట్యాంకరు. బిందెలతో దానికోసం ఎదురుచూసే పిల్లలకు ఆ మాటే ఇవ్వాలి.